పాత బ్రౌజర్‌లో పాట నడుస్తుంది, సౌండ్ రాదు: లోపం ఎక్కడ?

పాట ఉన్న పేజీ మామూలుగానే తెరుచుకుంటుంది. ప్లే బటన్ నొక్కగానే త్రికోణం పోయి రెండు నిలువు గీతలు వస్తాయి. కింద సన్నటి గీత మీద చుక్క మెల్లగా కుడివైపుకు జరుగుతుంది. 0:07, 0:08, 0:09 అని అంకెలు మారుతూనే ఉంటాయి. స్పీకర్ నుంచి మాత్రం చిన్న చప్పుడు కూడా ఉండదు.

ఇంట్లో ఓ మూలన ఏళ్ల తరబడి పనిచేస్తున్న విండోస్ 7 డెస్క్‌టాప్‌లోనో, లినక్స్ వేసుకుని నెట్టుకొస్తున్న పాత ల్యాప్‌టాప్‌లోనో ఇది తరచూ ఎదురయ్యే ఇబ్బంది. ఇలాంటప్పుడు ఎక్కువమంది మొదట చేసేది బ్రౌజర్‌ని తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం. గంట పోతుంది, ఒక్కోసారి సేవ్ చేసుకున్న పాస్‌వర్డ్‌లూ పోతాయి, సౌండ్ మాత్రం రాదు. ఎందుకు రాదంటే, బ్రౌజర్ ఒక్కటే పాటని వినిపించలేదు. ఫైలు ఎక్కడో ఉన్న సర్వర్ నుంచి రావాలి. కుదించి ఉన్న ఆ ఫైల్ని విప్పే కోడెక్ అనే భాగం ఉండాలి. వినిపించడానికి బ్రౌజర్ ఒప్పుకోవాలి. తర్వాత ఆపరేటింగ్ సిస్టమ్‌లోని సౌండ్ వ్యవస్థ అందుకోవాలి, డ్రైవర్ అనే చిన్న సాఫ్ట్‌వేర్ దాన్ని సౌండ్ కార్డుకి చేర్చాలి. ఇందులో సగం పనులకు బ్రౌజర్ బయటివాళ్ల మీద ఆధారపడుతుంది, అంటే అరువు తెచ్చుకుంటుంది. పాత బ్రౌజర్‌కి వచ్చే సౌండ్ కష్టాలు చాలావరకు ఈ అరువు దగ్గరే పుడతాయి.

మొదట చూడాల్సింది ఆ చుక్కనే

చుక్క కదులుతోందా, నిలబడిపోయిందా అన్నది చూస్తే వెతకాల్సిన చోటు సగానికి తగ్గుతుంది. కదులుతోందంటే ఫైలు వస్తోంది, కోడెక్ దాన్ని విప్పుతోంది. తెగింది ఆ తర్వాత ఎక్కడో: ట్యాబ్‌లోనో, సిస్టమ్ వాల్యూమ్‌లోనో, స్పీకర్ ఎంపికలోనో. చుక్క 0:00 దగ్గరే ఆగిపోతే, లేదా చక్రం గిరగిరా తిరుగుతూనే ఉంటే, గొడవ అంతకుముందు దశలో ఉంది: నెట్‌వర్క్, సర్టిఫికెట్ (సైట్ నిజమైనదేనని పూచీ ఇచ్చే పత్రం), ఫార్మాట్. అప్పుడు వాల్యూమ్ ఎంత పెంచినా ఉపయోగం లేదు.

దీనికి ఒక మినహాయింపు ఉంది. వీడియో ఫైల్లో బొమ్మకి ఒక కోడెక్, సౌండ్‌కి మరొకటి ఉంటాయి. బొమ్మ కోడెక్ తెలిసి సౌండ్ కోడెక్ తెలియకపోతే సినిమా మూకీగా నడుస్తుంది, చుక్కా కదులుతుంది. డౌన్‌లోడ్ చేసుకున్న సినిమా ఫైల్ని క్రోమ్‌లోకి లాగి చూసేవాళ్లకి ఇది అనుభవమే. అందులో సౌండ్ డాల్బీ ఏసీ-3లో ఉంటే బొమ్మ మాత్రమే వస్తుంది. అదే ఫైలు వీఎల్‌సీ అనే ఉచిత ప్లేయర్‌లో చక్కగా పలుకుతుంది. అందుకే ఏదైనా తేల్చే ముందు మామూలు ఎంపీ3 పాట ఒకటి అదే బ్రౌజర్‌లో పెట్టి చూడడం మంచిది.

చుక్క కదిలి సౌండ్ రానప్పుడు

ముందు ట్యాబ్ మీద చూడాలి. 2015 నవంబర్‌లో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 42 నుంచి శబ్దం పంపుతున్న ప్రతి ట్యాబ్ మీదా చిన్న స్పీకర్ బొమ్మ కనిపిస్తుంది, దాన్ని నొక్కితే ఆ ట్యాబ్ ఒక్కటే మ్యూట్ అవుతుంది. ట్యాబ్ మార్చబోయి పొరపాటున దాని మీద క్లిక్ చేయడం చాలా తేలిక. బొమ్మ మీద అడ్డగీత ఉంటే అక్కడితో కథ ముగిసినట్టే.

ట్యాబ్ బాగానే ఉంటే టాస్క్‌బార్ చివర ఉన్న స్పీకర్ గుర్తు మీద రైట్ క్లిక్ చేసి వాల్యూమ్ మిక్సర్ తెరవాలి. విస్టా వెర్షన్ నుంచి విండోస్ ఒక్కో ప్రోగ్రామ్‌కి విడిగా వాల్యూమ్ ఉంచుతోంది. మిక్సర్‌లో వరుసగా నిలువు పట్టీలు కనిపిస్తాయి: ఒకటి స్పీకర్‌కి, ఒకటి సిస్టమ్ శబ్దాలకి, ఒకటి బ్రౌజర్‌కి. బ్రౌజర్ పట్టీ అడుక్కి జారిపోయి ఉండవచ్చు, దాని కింది స్పీకర్ గుర్తు మీద ఎర్రటి అడ్డగీత ఉండవచ్చు. పాట ఆడుతున్నప్పుడే ఈ మిక్సర్ తెరవాలి, ఎందుకంటే అంతవరకు ఏ శబ్దమూ పంపని ప్రోగ్రామ్ అందులో కనిపించకపోవచ్చు. ఇక్కడ గమనించాల్సింది, ఈ మ్యూట్‌ని గుర్తుపెట్టుకునేది బ్రౌజర్ కాదు, విండోస్. బ్రౌజర్‌ని తీసేసి అదే ఫోల్డర్‌లో మళ్లీ వేస్తే విండోస్ పాత లెక్క ప్రకారమే దాన్ని మూగగా ఉంచుతుంది. రీఇన్‌స్టాల్ చేసినా సౌండ్ రాలేదని బాధపడేవాళ్లలో కొందరి సమస్య ఇంతే. ఒక్క క్లిక్‌తో పోయేదానికి గంటలు ఖర్చవుతాయి.

పట్టీ పైకి కిందికి పచ్చగా ఊగుతోంది, అయినా సౌండ్ లేదంటే, శబ్దం వెళ్తోంది గానీ వేరే చోటికి వెళ్తోంది. హెచ్‌డీఎంఐ తీగతో మానిటర్‌ని కలిపినప్పుడు ఇది తరచుగా జరుగుతుంది. మానిటర్ కూడా ఒక సౌండ్ పరికరమేనని విండోస్ అనుకుని దాన్నే డిఫాల్ట్ చేస్తుంది. ఆ మానిటర్‌లో స్పీకర్లే ఉండవు. కంట్రోల్ ప్యానెల్‌లో సౌండ్, అందులో ప్లేబ్యాక్ ట్యాబ్ తెరిచి, స్పీకర్స్ ఎంచుకుని సెట్ డిఫాల్ట్ నొక్కాలి, తర్వాత బ్రౌజర్‌ని మూసి తెరవాలి. కొన్ని పాత బ్రౌజర్లు తాము తెరుచుకున్నప్పుడు ఉన్న పరికరాన్నే పట్టుకుని కూర్చుంటాయి కాబట్టి ఈ మూసి తెరవడం అవసరం.

బ్లూటూత్ హెడ్‌ఫోన్లతో ఇంకో చిక్కు ఉంది. విండోస్ 7లోనూ 10లోనూ ఒకే హెడ్‌సెట్ రెండు పరికరాలుగా కనిపిస్తుంది: ఒకటి స్టీరియో, ఒకటి హ్యాండ్స్ ఫ్రీ. రెండోది ఫోన్ మాటల కోసం పెట్టింది, అందులో మైక్ పనిచేస్తుంది గానీ పాట డబ్బాలోంచి వస్తున్నట్టు ఉంటుంది. ఏదో ఒక ట్యాబ్ మైక్ వాడుకుంటున్నంతసేపూ స్టీరియో వైపు మూగబోతుంది. ఆన్‌లైన్ క్లాసు ట్యాబ్ మూయకుండా పాట పెట్టిన పిల్లలకి ఇది పెద్ద టెన్షన్. ఆ క్లాసు ట్యాబ్ మూసేస్తే చాలు.

సౌండ్ పూర్తిగా పోకుండా ఉన్నట్టుండి సన్నగిల్లితే, కంట్రోల్ ప్యానెల్‌లోని అదే సౌండ్ విండోలో చివరన ఉన్న కమ్యూనికేషన్స్ ట్యాబ్ చూడాలి. కాల్ నడుస్తోందని అనిపించినప్పుడు మిగతా శబ్దాలన్నిటినీ 80 శాతం తగ్గించమని విండోస్‌లో ముందే పెట్టి ఉంటుంది. డూ నథింగ్ ఎంచుకుంటే ఆ గొడవ పోతుంది.

యూట్యూబ్‌లో అప్పుడప్పుడు ఆడియో రెండరర్ ఎర్రర్ అని, కంప్యూటర్ రీస్టార్ట్ చేయమని నల్లటి తెర మీద రాసి కనిపిస్తుంది. బ్రౌజర్ సౌండ్ పరికరాన్ని తెరవబోతే సిస్టమ్ ఒప్పుకోలేదని దాని అర్థం. హెడ్‌ఫోన్ తీగ పీకి మళ్లీ పెట్టినా ఒక్కోసారి సర్దుకుంటుంది. లేకపోతే సర్వీసుల జాబితాలో విండోస్ ఆడియో అనే సర్వీసుని రీస్టార్ట్ చేయాలి, అప్పుడు కంప్యూటర్ మొత్తం ఆపి తెరవాల్సిన పని ఉండదు. ఇంట్లో పాటలు రికార్డు చేసుకునే సాఫ్ట్‌వేర్ ఉన్నవాళ్లు ఇంకోటి కూడా చూడాలి. అలాంటి ప్రోగ్రాములు సౌండ్ కార్డుని పూర్తిగా తమ గుప్పిట్లోకి తీసుకోగలవు. స్పీకర్స్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ ట్యాబ్ కింద ఎక్స్‌క్లూజివ్ కంట్రోల్ అనే టిక్కు తీసేస్తే అది కుదరదు. అదే చోట శాంపిల్ రేటు కూడా ఉంటుంది. 44,100 నుంచి 48,000 హెర్ట్జ్‌కి గానీ, అటునుంచి ఇటు గానీ మార్చి చూస్తే పేచీ పెట్టే పాత డ్రైవర్ దారికి రావచ్చు.

ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ వాడక తప్పని పాత ఆఫీసు కంప్యూటర్లలో మరొకటి చూడాలి: ఇంటర్నెట్ ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్ ట్యాబ్, మల్టీమీడియా అనే శీర్షిక కింద ప్లే సౌండ్స్ ఇన్ వెబ్‌పేజెస్ అనే టిక్కు. ఎవరో ఎప్పుడో తీసేసి మరిచిపోయి ఉంటారు.

ఫైర్‌ఫాక్స్ 52: ఒక్క అప్‌డేట్‌తో మూగబోయిన కంప్యూటర్లు

బ్రౌజర్ ఎంతగా అరువు మీద బతుకుతుందో 2017 మార్చి 7న లినక్స్ వాడేవాళ్లకి బాగా తెలిసొచ్చింది. ఆ రోజు ఫైర్‌ఫాక్స్ 52 విడుదలైంది. లినక్స్‌లో శబ్దానికి అడుగున ఉండేది ఆల్సా. కెర్నల్‌తో వచ్చే ఈ పొర నేరుగా సౌండ్ కార్డుతో మాట్లాడుతుంది. దాని పైన పల్స్ ఆడియో అనే సర్వర్ కూర్చుంటుంది. నాలుగు ప్రోగ్రాముల శబ్దాలు కలపడం, ఒక్కోదానికి వాల్యూమ్ పెట్టడం, బ్లూటూత్ వైపు మళ్లించడం దాని పని. అప్పటిదాకా ఫైర్‌ఫాక్స్ ఈ రెండిటితోనూ మాట్లాడగలిగేది. 52 నుంచి, ఫైర్‌ఫాక్స్‌ని తయారుచేసే మొజిల్లా సంస్థ స్వయంగా ఇచ్చే ప్రతుల్లో (బిల్డ్‌లలో) ఆల్సాతో నేరుగా మాట్లాడే దారి మూసేశారు. ఇక పల్స్ ఆడియో ఉంటేనే సౌండ్.

ఉబుంటు, ఫెడోరా లాంటి పెద్ద పంపిణీల్లో, అంటే లినక్స్‌ని అన్ని హంగులతో కలిపి ఇచ్చే రకాల్లో, పల్స్ ఆడియో అప్పటికే ఉంది కాబట్టి వాళ్లకి ఈ మార్పు తెలియనే లేదు. దెబ్బ తగిలింది పాత కంప్యూటర్ల మీద. తక్కువ మెమరీ ఉన్న యంత్రాల కోసం తయారుచేసిన లుబుంటు 16.04లో బరువు తగ్గించడానికి పల్స్ ఆడియోని పెట్టలేదు, ఆల్సాతోనే నడిపారు. అలాంటి కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషి రాత్రి అప్‌డేట్ చేసి పడుకున్నాడు, పొద్దున యూట్యూబ్ తెరిస్తే బొమ్మ ఆడుతోంది, మాట లేదు. పేజీ పైన ఒక పట్టీ వచ్చి, ఆడియో వినాలంటే పల్స్ ఆడియో సాఫ్ట్‌వేర్ వేసుకోవాల్సి రావచ్చని చెప్పింది. ఆ పట్టీని గమనించకుండా మూసేసినవాళ్లు సౌండ్ కార్డు పాడైందనే అనుకున్నారు.

రెండు దారులనూ నిలబెట్టడం భారమవుతోందని, ఆల్సా వైపు కోడ్ సరిగ్గా చూసుకునే మనుషులు లేరని మొజిల్లా ఇంజనీర్లు చెప్పారు. వాడకం గురించి బ్రౌజర్ పంపే లెక్కలనూ చూపారు. లినక్స్ పంపిణీలు చాలావాటిలో ఆ లెక్కలు పంపడాన్నే ఆపేస్తారని, అలాంటప్పుడు ఆల్సా వాడేవాళ్లు ఆ లెక్కలో ఎలా కనిపిస్తారని జనం గట్టిగా అడిగారు. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. భారం గురించి ఇంజనీర్లు చెప్పినదీ నిజమే. కానీ ఆ భారం దిగినప్పుడు అది పడింది తక్కువ మెమరీ యంత్రాలు వాడేవాళ్ల మీద, బరువైన సాఫ్ట్‌వేర్ వేసుకోలేకే తేలికదాన్ని ఎంచుకున్నవాళ్ల మీద. ఈ సంగతి అప్పటి చర్చల్లో మరింత గట్టిగా వినిపించి ఉండాల్సింది.

దీనికి మూడు దారులు ఉండేవి, ఇప్పటికీ అవే. మొదటిది, పల్స్ ఆడియో వేసుకోవడం. చాలా పాత యంత్రాలు కూడా దాన్ని మోయగలవు, అన్నిటికన్నా సాఫీగా నడిచేది ఇదే. రెండోది, ఆల్సా దారి తెరిచి ఉంచి కంపైల్ చేసిన ఫైర్‌ఫాక్స్. ఆ కోడ్‌ని అప్పుడు పూర్తిగా తీసేయలేదు, మొజిల్లా తన బిల్డ్‌లో ఆపిందంతే. అందుకని కొన్ని పంపిణీలు తమ ప్యాకేజీలో దాన్ని మళ్లీ తెరిచాయి. మూడోది, ఆపల్స్ అనే చిన్న ప్రోగ్రామ్. అది పల్స్ ఆడియోలా నటించి, వచ్చిన శబ్దాన్ని ఆల్సాకి అందిస్తుంది. టెర్మినల్‌లో ఫైర్‌ఫాక్స్ అనే ఆదేశం ముందు ఆపల్స్ అని చేరిస్తే సరిపోయేది. తర్వాత ఫైర్‌ఫాక్స్ తన శాండ్‌బాక్స్‌ని బిగించే కొద్దీ ఈ దారి కష్టమైంది. ట్యాబ్‌లు నేరుగా సౌండ్ పరికరాన్ని ముట్టుకోకుండా శాండ్‌బాక్స్ అడ్డుకుంటుంది, ఆపల్స్‌కి కావాల్సింది సరిగ్గా అదే.

పల్స్ ఆడియో ఉండి కూడా సౌండ్ రాకపోతే పావుకంట్రోల్ అనే చిన్న ప్రోగ్రామ్ వేసుకుని, పాట ఆడుతుండగా అందులో ప్లేబ్యాక్ ట్యాబ్ చూడాలి. బ్రౌజర్ పేరు పక్కన మ్యూట్ గుర్తు నొక్కి ఉండవచ్చు, శబ్దం వేరే పరికరానికి వెళ్తూ ఉండవచ్చు. విండోస్‌లాగే పల్స్ ఆడియో కూడా ఒక్కో ప్రోగ్రామ్‌కి పెట్టిన వాల్యూమ్‌ని, మ్యూట్‌ని గుర్తుపెట్టుకుంటుంది. కాబట్టి ఇక్కడా రీఇన్‌స్టాల్ పనికిరాదు. ఇప్పటి పంపిణీల్లో పల్స్ ఆడియో స్థానంలో పైప్‌వైర్ వచ్చింది, 2021లో ఫెడోరా 34 ఈ మార్పు చేసింది. పైప్‌వైర్ పాత ప్రోగ్రాములకి పల్స్ ఆడియోలాగే కనిపిస్తుంది కాబట్టి పావుకంట్రోల్ అక్కడా పనిచేస్తుంది.

చుక్క కదలనప్పుడు: ఫార్మాట్ల తగువు

2009 జూన్‌లో ఫైర్‌ఫాక్స్ 3.5 వచ్చేదాకా ఆ బ్రౌజర్‌లో శబ్దమంటే ఫ్లాషో, మరో ప్లగిన్నో. 3.5 ఏ ప్లగిన్ లేకుండా పాట వినిపించడం మొదలుపెట్టింది, అయితే ఓగ్ వోర్బిస్, వేవ్ ఫైళ్లనే. ప్రపంచమంతా వాడే ఎంపీ3ని అది ముట్టుకోలేదు. ఎంపీ3 మీద పేటెంట్లు ఉన్నాయి, లైసెన్సుకి డబ్బు కట్టాలి. అందరికీ ఉచితంగా ఇచ్చే బ్రౌజర్‌లో అలాంటిది పెట్టకూడదని మొజిల్లా పట్టుబట్టింది. ఇంకోవైపు 2011లో వచ్చిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 9 ఎంపీ3 వినిపించేది, ఓగ్‌ని వినిపించేది కాదు. వికీపీడియా, విక్షనరీల్లో ఉచ్చారణ వినిపించే ఫైళ్లు చాలావరకు ఓగ్‌లోనే ఉండేవి. ఒకే పేజీ ఒక బ్రౌజర్‌లో పలికి ఇంకో బ్రౌజర్‌లో పలకకపోవడానికి మూలం ఇదే.

2013లో మొజిల్లా మధ్యేమార్గం పట్టింది. ఎంపీ3ని, వీడియోల సౌండ్‌కి ఎక్కువగా వాడే ఏఏసీని విప్పే పని తాను చేయకుండా విండోస్‌కే అప్పగించింది. విండోస్‌లో మీడియా ఫౌండేషన్ అనే భాగం ఆ పని చేస్తుంది, దాని లైసెన్సు సంగతి మైక్రోసాఫ్ట్ చూసుకుంటుంది. ఏర్పాటు తెలివైనదే, అరువు మాత్రం అక్కడ కూడా ఉంది. విండోస్ ఎక్స్‌పీలో మీడియా ఫౌండేషన్ లేదు, అది విస్టాతో వచ్చింది. అందుకే ఎక్స్‌పీ మీద ఏఏసీ సౌండ్ ఉన్న చాలా సైట్లు మొరాయిస్తాయి.

ఇంకో సంగతి యూరప్‌లో చదువుకుని, అక్కడ కొన్న ల్యాప్‌టాప్‌తో ఇంటికొచ్చినవాళ్లకి పనికొస్తుంది. మైక్రోసాఫ్ట్ మీద యూరోపియన్ కమిషన్ 2004లో ఇచ్చిన తీర్పు వల్ల అక్కడ విండోస్‌కి ఎన్ అనే రకం పుట్టింది. విండోస్ 7 ప్రొఫెషనల్ ఎన్ అన్నట్టు పేరు చివర ఆ అక్షరం ఉంటుంది. అందులో విండోస్ మీడియా ప్లేయర్, దానితోపాటు మీడియా ఫౌండేషన్ ఉండవు. అందులో ఫైర్‌ఫాక్స్‌ని కొత్తగా ఇన్‌స్టాల్ చేసినా ఏఏసీ పలకదు, పాత వెర్షన్ అయితే ఎంపీ3 కూడా పలకదు. సిస్టమ్ ప్రాపర్టీస్‌లో పేరు చివర ఎన్ కనిపిస్తే మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే మీడియా ఫీచర్ ప్యాక్ వేసుకుని రీస్టార్ట్ చేయాలి.

ఎంపీ3 లైసెన్సు పథకాన్ని ఫ్రాన్‌హోఫర్ సంస్థ 2017 ఏప్రిల్ 23న ముగించింది. తర్వాత 2019 డిసెంబర్‌లో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 71 నుంచి ఎంపీ3ని బ్రౌజర్ తనంతట తానే విప్పుకుంటోంది. అంటే ఎంపీ3 పలకని ఫైర్‌ఫాక్స్ 71 కన్నా పాతదైతే ముందు వెర్షన్ మార్చాలి, మిగతా ప్రయోగాలన్నీ ఆ తర్వాతే. క్రోమ్ మొదటి నుంచీ కోడెక్‌లని తన వెంటే తెచ్చుకుంటుంది కాబట్టి ఈ గొడవ దానికి తక్కువ.

ఇక్కడ ఒక జాగ్రత్త గట్టిగా చెప్పాలి. సౌండ్ రావడం లేదని వెతికితే కోడెక్ ప్యాక్ డౌన్‌లోడ్ చేసుకోమని చాలా చోట్ల కనిపిస్తుంది. విండోస్ 7 మీద ఫైర్‌ఫాక్స్ గానీ క్రోమ్ గానీ ఆ ప్యాకుల్లోని కోడెక్‌లను వాడుకోవు. అవి వేరే మీడియా ప్లేయర్ల కోసం. బ్రౌజర్ సౌండ్ బాగుచేయడానికి వాటిని వేసుకుంటే లాభం ఉండదు, తెలియని చోటు నుంచి తెస్తే వైరస్ తెచ్చుకున్నట్టే.

లినక్స్‌లో ఏఏసీ విప్పడానికి ఫైర్‌ఫాక్స్ సిస్టమ్‌లో ఉన్న ఎఫ్ఎఫ్ఎంపెగ్ లైబ్రరీని పిలుస్తుంది. అది లేకపోతే ఉబుంటులో రెస్ట్రిక్టెడ్ ఎక్స్‌ట్రాస్ ప్యాకేజీ వేసుకోవాలి. ఇందులో తలకిందుల చిక్కు ఒకటి ఉంది. పాత ఫైర్‌ఫాక్స్‌కి అది తయారైన నాటి లైబ్రరీ వెర్షన్లే తెలుసు. బ్రౌజర్‌ని అలాగే ఉంచి సిస్టమ్‌ని మాత్రం కొత్తది చేస్తే, పక్కనే ఉన్న కొత్త ఎఫ్ఎఫ్ఎంపెగ్‌ని అది గుర్తుపట్టదు. లైబ్రరీ ఉంది కదా అని చూసి ఊరుకోకూడదు, రెండిటికీ పొత్తు కుదురుతోందో లేదో చూడాలి.

అనుమతి, తాళం, గడియారం

పేజీ తెరవగానే దానంతట అదే మొదలవ్వాల్సిన పాట మొదలవ్వకపోతే అది లోపం కాదు. 2018 ఏప్రిల్‌లో క్రోమ్ 66, 2019 మార్చిలో ఫైర్‌ఫాక్స్ 66 అడగకుండా మోగే శబ్దాలను ఆపడం మొదలుపెట్టాయి. క్రోమ్ మొదటి ప్రయత్నంలో వెబ్‌లో ఉన్న ఆటలు చాలా మూగబోయాయి. వాటిని తయారుచేసినవాళ్లు మొత్తుకుంటే గూగుల్ అదే ఏడాది మే నెలలో ఆటల వైపు వెనక్కి తగ్గి, డిసెంబర్‌లో క్రోమ్ 71తో మళ్లీ తెచ్చింది. పేజీలో ఎక్కడో ఒకచోట క్లిక్ చేస్తే సౌండ్ వస్తే కారణం ఇదేనన్నమాట. ఫైర్‌ఫాక్స్‌లో అడ్రస్ బార్ ఎడమవైపు ఉన్న గుర్తు నొక్కి ఆ సైట్‌కి ఆటోప్లే అనుమతి ఇవ్వవచ్చు.

పేజీ అంతా చక్కగా ఉండి పాట ఒక్కటే రాకపోతే సర్టిఫికెట్‌ని అనుమానించాలి. చాలా సైట్లలో పేజీ ఒక సర్వర్ నుంచి, పాట ఇంకో సర్వర్ నుంచి వస్తాయి. పేజీ సర్వర్ తాళం, అంటే దాని సర్టిఫికెట్, బ్రౌజర్‌కి నచ్చి, పాట సర్వర్ తాళం నచ్చకపోతే, ఎర్రటి హెచ్చరిక ఏదీ రాదు, ప్లేయర్ ఊరికే కూర్చుంటుంది. 2021 సెప్టెంబర్ 30న ఇది పెద్ద ఎత్తున జరిగింది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ ఉచితంగా ఇచ్చే సర్టిఫికెట్లకి పాత యంత్రాల్లో పూచీగా ఉన్న రూట్ సర్టిఫికెట్ గడువు ఆ రోజు తీరింది. ఎక్స్‌పీ మీద ఆగిపోయిన క్రోమ్ 49 విండోస్ జాబితాని నమ్ముకుంది, ఆ జాబితాకి కొత్త రూట్ అందలేదు. అదే ఎక్స్‌పీ మీద ఫైర్‌ఫాక్స్ 52కి ఇబ్బంది రాలేదు, ఎందుకంటే ఫైర్‌ఫాక్స్ సర్టిఫికెట్ల జాబితాని సొంతంగా ఉంచుకుంటుంది, కొత్త రూట్ అందులో అప్పటికే ఉంది. ఒకే కంప్యూటర్‌లో ఒక బ్రౌజర్ పాడి ఇంకోటి పాడకపోతే ఈ తేడాని గుర్తుచేసుకోవాలి. పరీక్ష సులువు: పాట ఫైలు చిరునామాని విడిగా కొత్త ట్యాబ్‌లో తెరిస్తే, ప్లేయర్ దాచిన సర్టిఫికెట్ హెచ్చరిక అప్పుడు ముఖాముఖి కనిపిస్తుంది.

ఏ సైటూ తెరుచుకోకపోతే గడియారం చూడాలి. పాత డెస్క్‌టాప్ మదర్‌బోర్డ్ మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుంది, ఎక్కువగా సీఆర్2032 రకం. అది అయిపోతే కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. ఆ తేదీ ప్రకారం ఇప్పటి సర్టిఫికెట్లు ఇంకా పుట్టలేదు, కాబట్టి బ్రౌజర్ దేన్నీ నమ్మదు. తక్కువ ఖర్చుతో బ్యాటరీ మార్చి తేదీ సరిచేస్తే అన్నీ తెరుచుకుంటాయి.

కాపీ చేయకుండా వేరే రకం తాళం వేసిన సంగీతానికి, అంటే డీఆర్ఎం ఉన్న సైట్లకి, 2025 మార్చి 14 గుర్తుంచుకోవాల్సిన తేదీ. ఆ రోజు మొజిల్లా వాడే ఒక రూట్ సర్టిఫికెట్ గడువు ముగిసింది. ఫైర్‌ఫాక్స్ 128 కన్నా, లేదా పాత విండోస్‌ల కోసం ఉంచిన 115 ఈఎస్ఆర్ (ఎక్కువకాలం మద్దతు ఉండే రకం) వరుసలో 115.13 కన్నా పాతవాటిలో యాడాన్లు ఆగిపోతాయని, డీఆర్ఎం ఉన్న పాటలు, వీడియోలు ఆడకపోవచ్చని మొజిల్లా ముందే హెచ్చరించింది. స్పాటిఫై వెబ్ ప్లేయర్‌కి డీఆర్ఎం కావాలి. విండోస్ 7 మీద ఫైర్‌ఫాక్స్‌లో అది ఆగిపోతే హెల్ప్ మెనూలో అబౌట్ తెరిచి ఆ అంకె చూడాలి. క్రోమ్ అయితే విండోస్ 7కి 109 చివరిది, అది 2023 జనవరిలో వచ్చింది, ఆ తర్వాత అక్కడ కొత్తది లేదు.

దీనికి ఎదురు కథ కూడా ఉంది. చిన్న ఇంటర్నెట్ రేడియోలు కొన్ని ఇప్పటికీ సర్టిఫికెట్ తాళం లేని పాత పద్ధతిలోనే, అంటే హెచ్‌టీటీపీఎస్ కాకుండా హెచ్‌టీటీపీలోనే, ప్రసారం చేస్తాయి. తాళం ఉన్న పేజీలో తాళం లేని పాటని పెడితే 2020కి ముందరి క్రోమ్ వినిపించేది. ఆ ఏడాది నుంచి క్రోమ్ ఆ చిరునామాని బలవంతంగా తాళం ఉన్నదానిగా మార్చి అడుగుతుంది, సర్వర్ దగ్గర అది లేకపోతే ప్రసారం ఆగుతుంది. పాత కంప్యూటర్‌లో వచ్చే రేడియో కొత్త ఫోన్‌లో రావట్లేదని ఇంట్లో పెద్దవాళ్లు అంటే నమ్మాలి. ప్రసారం చిరునామా తెలిస్తే వీఎల్‌సీలో కంట్రోల్, ఎన్ కలిపి నొక్కి అక్కడ అతికిస్తే అది వినిపిస్తుంది.

ఇక రియల్ ఆడియో లింకులు. 1995లో వచ్చిన ఈ ఫార్మాట్ ఫోన్ లైన్ మీద నడిచే నెమ్మదైన ఇంటర్నెట్‌లో కూడా పాట వినిపించింది. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు పాత సినిమా పాటల కోసం వెతుక్కున్న సైట్లు చాలావాటిలో పాటలు ఇందులోనే ఉండేవి. దాన్ని ఆడించే ప్లగిన్లకి క్రోమ్ 2015లో, ఫైర్‌ఫాక్స్ 52తో 2017లో తలుపు మూసేశాయి. ఇప్పుడు అలాంటి లింకు నొక్కితే పాట మోగదు, ర్యామ్ అనే ఎక్స్‌టెన్షన్‌తో ఒకటి రెండు వందల బైట్ల చిన్న ఫైలు దిగుతుంది. అది పాట కాదు. నోట్‌ప్యాడ్‌తో తెరిస్తే లోపల ఒకే ఒక్క వరుస, అసలు పాట ఫైలు చిరునామా కనిపిస్తుంది. ఆ వరుసని కాపీ చేసి వీఎల్‌సీకి ఇవ్వాలి. అవతలి సర్వర్ ఇంకా బతికి ఉంటే కాస్త గరగరతో పాట మొదలవుతుంది, లేకపోతే ఏ బ్రౌజర్ మార్చినా రాదు.